చీకట్లో మూడు వారాలు

ఖానాపురం హవేలి, ఖమ్మం
9 ఆగస్టు 2004

విశ్రాంతక్కకు,

తమ్ముడు షాలేమ్‌రాజు వందనాలు. ఇక్కడ నేనూ మహిమా బాగున్నాం. నీ మోకాలు ఎట్లా ఉంది? చర్లలో ఫోన్ తీగలు మళ్లీ తెగాయని భద్రాచలం బస్సు డ్రైవర్ చెప్పాడు. ఒకందుకు అదే మేలు. బూత్‌లో పదిమంది వెనక నిలబడి వింటుంటే చెప్పే సంగతి కాదిది.

ఎనభై నాలుగు మే నెలలో నీ దగ్గరికి వచ్చి మలేరియాతో మూడు వారాలు మంచం పట్టాను, గుర్తుందా? నాతో ఒక సీసా తెచ్చాను. పసుపు పొడి. వెలుతురు తగలనీయొద్దని నీ చేతికిచ్చాను. పోయేటప్పుడు సగం పట్టుకెళ్లి, దారిలో పగిలితే మొత్తం పోతుందని సగం నీ మందుల బీరువాలోనే ఉంచాను. ఆ సగం నాకు కావాలి.

"నీ పనేందిరా, ఒక్క ముక్కలో చెప్పు" అంటావు గదా ఎప్పుడూ. విను. రాగిలో కరెంటు పారుతుంది. కర్పూరం, బట్టలకు వేసే రంగు, ఇట్లాంటి వాటిలో పారదు. అట్లాంటి పొడుల్లోనూ పారించవచ్చని మావాళ్లు కనిపెట్టారు గాని, దానికి పక్కనుంచి ఇంకేదో పట్టించాలి. ఎక్కువమంది అయోడిన్ పట్టిస్తారు. నా పొడికి ఏదీ పట్టించనక్కర్లేదు. చీకట్లో మూడు వారాలు ఉంచితే దాని అణువులు వాటంతటవే వరుసలో సర్దుకుని కరెంటును పోనిస్తాయి. నా పేరు, హైదరాబాద్ రమ్మన్నా పోకుండా ఈ ఖమ్మం పీజీ సెంటర్లో నేను కట్టుకున్న లాబ్, అన్నీ ఈ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి.

పాలకు తోడు వేసినట్టు, ప్రతి కొత్త పొడిలో ఆ పాతది చిటికెడు కలిపేవాణ్ణి. తోడు మూడేళ్ల కింద అయిపోయింది. అప్పటినుంచి, పొడిని నొక్కి చేసిన ఒక్క బిళ్లలోనూ కరెంటు పారలేదు. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఆఫియా అనే పిల్ల ఉంది. కొత్తగూడెంలో వాచీలు బాగుచేసే ఆజం గారి కూతురు. పంతొమ్మిది సార్లు చేసింది, ఒక్కసారీ రాలేదు. చేతిలో శుభ్రం లేదు. ఇంతలో విదేశాల నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు, మాకూ రావడం లేదని పత్రికకు రాశారు. జనవరిలో యూనివర్సిటీ కమిటీ వస్తుంది. వాళ్ల కళ్లముందు బిళ్ల నొక్కి చూపాలి. చూపలేకపోతే ఆ పిల్ల రిజిస్ట్రేషన్ రద్దు, నా పేపరు మీద విచారణ.

సీసా ఉందా? వెంటనే రాయి.

నీ తమ్ముడు
షాలేమ్‌రాజు


చర్ల
27 ఆగస్టు 2004

తమ్ముడు షాలేమ్‌రాజుకు,

దేవుని కృప నీ ఇంటి మీద ఉండుగాక. నాలుగు పేజీల ఉత్తరంలో నా మోకాలికి ఒక లైను ఇచ్చావు, సంతోషం. మోకాలు అట్లాగే ఉంది. జ్వరాల కాలం గదా, తెల్లవారేసరికి దవాఖానా వసారా నిండిపోతోంది. రిటైరై రెండేళ్లయినా మిషన్ వాళ్లు ఇంకో నర్సును పంపలేదు. వచ్చినవాళ్లను పొమ్మనలేను. కోయ భాష తెలిసిన మన దూలయ్య ఉన్నాడు కాబట్టి నడుస్తోంది.

సీసా సంగతి. బీరువా రెండుసార్లు మారింది. నిరుడు క్యాంపు పోలీసులు వచ్చి మందులన్నీ నేలమీద పరిచి చూశారు. పేరు రాయని పొడులు ఎందుకున్నాయని అడిగారు. వెతుకుతాను, తొందరపెట్టకు.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాచీలు బాగుచేసే ఇంట్లో పుట్టిన పిల్లకు చేతిలో శుభ్రం లేకపోవడం ఏమిటి? ఇంటిల్లిపాదీ ముళ్ళూ మరలూ ఊపిరి బిగబట్టి ఏరుకునేవాళ్లు గదా వాళ్లు.

మహిమను అడిగానని చెప్పు.

అక్క
విశ్రాంతమ్మ


ఖానాపురం హవేలి
19 సెప్టెంబరు 2004

అక్కా,

వెతకడానికి నెల పడుతుందా? అది మూడు అరల బీరువా. నీ దగ్గర సూది పోయినా ఏ అరలో పోయిందో చెప్తావు. ఉందా లేదా, ఒక్క మాట రాయి. నేనే బయల్దేరి వద్దామంటే కాలేజీలో పరీక్షలు.

ఆఫియా గురించి రాశావు కాబట్టి చెప్తున్నాను. మొన్న ఆమె ఆరునెలల రిపోర్టులో "శ్రద్ధ చాలదు" అని రాయాల్సి వచ్చింది. చదివి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఏమడిగిందో తెలుసా? "సార్, మీ మొదటి పొడి ఏ సీసాల ఉండె?" అని. గాజు సీసా, రబ్బరు బిరడా, ఇంకేం కావాలి అన్నాను. "గా మూడు వారాలు అండ్లనే ఉన్నదా సార్?" అంది. ఇరవై సార్లు ఓడిపోయినవాళ్లు ఇట్లాగే సీసాల మీదా బిరడాల మీదా పడతారు. పని చూసుకోమని పంపేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

నక్సలైట్లతో సర్కారు చర్చలని ఇప్పుడు దారి కొంచెం ప్రశాంతంగా ఉందట. ఈ అదను పోతే మళ్లీ దొరకదు.

షాలేమ్‌రాజు


చర్ల
11 అక్టోబరు 2004

షాలేమూ,

సీసా మొదటి రోజే దొరికింది. వెతకనే లేదు. ఎక్కడుందో నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు.

ఆ పిల్ల అడిగిన మాటకు నేను జవాబు చెప్తాను. ఆ మూడు వారాలు నీ పొడి నువ్విచ్చిన సీసాలో లేదు.

నువ్వు నూట నాలుగు జ్వరంలో వణుకుతూ "వెలుతురు, అక్కా, వెలుతురు తగలొద్దు" అని ఒకటే కలవరించావు. నువ్విచ్చింది తెల్ల గాజు సీసా. బీరువా తలుపులకు అద్దాలు. గుడ్డ చుట్టాను గాని, రోజుకు ముప్ఫైసార్లు తెరిచే బీరువా, గుడ్డ జారిపోయేది. మా దగ్గర గోధుమరంగు సీసా ఒక్కటే ఉండేది, అయోడిన్ పలుకులది. అప్పట్లో పలుకులు తెప్పించి స్పిరిట్‌లో కలిపి టించరు మేమే చేసుకునేవాళ్లం. అది ఖాళీ అయింది. మరిగించిన నీళ్లతో కడిగి, పొయ్యి పక్కన ఆరబెట్టి, నీ పొడి అందులోకి మార్చాను. మూతికి దాని పాత బెరడు బిరడానే పెట్టాను. సీసా అడుగున రెండు మూడు పలుకులు కరుచుకుని ఉన్నాయి. గీకినా రాలేదు. ఇంత పొడిలో అవేం చేస్తాయిలే అనుకున్నాను.

నువ్వు లేచేసరికి పొడి పసుపు పోయి నల్లపచ్చగా మారింది. నాకు భయం వేసింది, పాడుచేశానేమోనని. నువ్వు చూసి నవ్వావు. "పండింది అక్కా" అన్నావు. నీ ముఖంలో ఆ సంతోషం చూసి ఊరుకున్నాను. నీ సగం నీ తెల్ల సీసా లాంటి ఇంకోదాంట్లో పోసి ఇచ్చాను.

ఇంకా దాచలేను కాబట్టి ఇదీ చెప్తున్నాను. ఎనభై ఏడులో నీ గురించి పేపర్లో పడింది. ఖమ్మం చర్చిలో పాస్టరు గారు లేచి చదివారు. "అయోడిన్ అవసరం లేకుండానే" అన్న మాట దగ్గర ఆ గోధుమ సీసా నా కళ్లముందు మెదిలింది. నేను డాక్టర్ను కాను గాని టించరు చేసినదాన్ని. నాకు ఆ క్షణమే అర్థమైంది. పక్కన నాన్న. తోమాసు కొడుకు, తోమాసు కొడుకు అని అందరూ వచ్చి ఆయన చేతులు పట్టుకుంటున్నారు. ముప్ఫై ఏళ్లు ఆ చర్చి ఊడ్చి గంట కొట్టిన మనిషి. ఆ కాగితం ముక్క ఆయన బైబిల్లో ఉండగానే పోయాడు. ఎట్లా చెప్పను? నాన్న పోయాక చెప్పొచ్చు గదా అంటావు. అప్పటికి నువ్వు చాలా పెద్దవాడివి అయిపోయావు.

తప్పు నాది. శిక్ష మాత్రం ఆ పిల్లకు పడుతోంది.

అక్క


ఖానాపురం హవేలి
2 నవంబరు 2004

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ చదువుతున్నాను.

మొదట నమ్మలేదు. నర్సమ్మ చెప్తే రసాయనం మారుతుందా అనుకున్నాను. తర్వాత పాత ఫైలు తీశాను. అప్పట్లో ఆ పొడిలో ఏమేం ఎంతెంత ఉన్నాయో పరీక్షకు పంపితే, వందకు తొంభై ఒకటే తేలింది. మిగతా తొమ్మిది తేమ అని రాశాను. వేసవిలో, మూతవేసిన సీసాలో, తొమ్మిది పాళ్ల తేమ! రాసింది నా చెయ్యే. ఎవరైనా విద్యార్థి రాసి ఉంటే ముఖాన కొట్టేవాణ్ణి.

నువ్వు పదిహేడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావు. ఒక్క మాట చెప్పి ఉంటే అప్పటికి వయసులో ఉన్నాను, దిద్దుకునేవాణ్ణి. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లకు, జూన్‌లో రిటైరవబోతూ, ఊళ్లో తలెత్తి ఎట్లా నడవమంటావు? నా మాట నమ్మి పాఠం చెప్పినవాళ్లు ఎంతమంది, పీహెచ్‌డీలు తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది, లెక్కలేదు.

చాలా ఆలోచించాను. ఆ పొడిలో కరెంటు పారుతుంది, అది మాత్రం నిజం. ఎందుకు పారుతుందో కమిటీ అడగదు, పారిందా లేదా అనే చూస్తుంది. కాబట్టి ఇట్లా చెయ్యి. పొడిని శుభ్రమైన తెల్ల గాజు సీసాలోకి మార్చు. గోధుమ సీసా పగలగొట్టి పూడ్చెయ్యి. నీ ఉత్తరం నేను కాల్చేస్తాను, ఇది నువ్వు కాల్చెయ్యి. నేను గౌరవంగా రిటైరవుతాను. లోపం ఆఫియా చేతిదని తేలుస్తారు, ఆమెకు నేనే నచ్చజెప్పి ఏదో ఒక కాలేజీలో ఉద్యోగం చూస్తాను. పీహెచ్‌డీ లేకపోతే బతుకు లేదా?

నా మీద ఏమాత్రం ప్రేమ ఉన్నా ఇది చెయ్యి.

షాలేమ్‌రాజు


చర్ల
25 నవంబరు 2004

షాలేమూ,

నీ ఉత్తరం కాల్చలేదు. ఇంట్లో పొయ్యి మండుతూనే ఉంది, చెయ్యి రాలేదు.

పదిహేడేళ్లు చెప్పలేదని తిట్టావు. పడతాను. కాని నువ్వు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఏ సీసాలో పెట్టావక్కా?" అని అడిగి ఉంటే నాన్న ఉన్నా చెప్పేదాన్ని. దేశదేశాల ప్రొఫెసర్లను అడిగావు. నీ పొడిని మూడు వారాలు కాపలా కాసినదాన్ని అడగలేదు. నేను అబద్ధం ఆడలేదు తమ్మీ, నన్ను ఎవరూ అడగలేదు. అయినా తప్పే, ఒప్పుకుంటున్నాను.

మరి అడిగిన పిల్లను పని చూసుకోమని పంపావు.

అక్క


ఖానాపురం హవేలి
18 డిసెంబరు 2004

అక్కా,

కమిటీ జనవరి 24న. ఛైర్మన్ వెంకటరామారావు. నా కింద పనిచేసి పైకి పోయినవాడు, నా లోపం కోసం కాచుకుని ఉన్నాడు. రాత్రీ పగలూ అదే ఆలోచన. మహిమకు కూడా చెప్పలేదు.

ఇది ఆజ్ఞ కాదు. అడుక్కుంటున్నాను. తెల్ల సీసాలో పంపు.

తమ్ముడు


చర్ల
13 జనవరి 2005

షాలేమ్‌రాజుకు,

దూలయ్య తెచ్చిన సంచి విప్పాక ఈ ఉత్తరం పోస్టులో అందుతుంది. అందులో రెండు సీసాలున్నాయి. ఒకటి నువ్వు అడిగినట్టే శుభ్రమైన తెల్ల సీసా, పొడిలో సగం అందులోకి మార్చాను. రెండోది ఆ గోధుమ సీసా. మిగతా సగం, అదే బిరడా, అడుగున ఆ పలుకుల మరకతో సహా. దాని మీద కాగితం అంటించి నా చేత్తో రాశాను, అందులో ముందు ఏముండేదో, ఏ రోజు ఏం మార్చానో, నా పేరుతో సహా. నీ జ్వరంలో నువ్వు అడిగింది ఏదీ కాదనలేదు. ఇప్పుడూ కాదనను. ఏది బల్లమీద పెడతావో నీ ఇష్టం.

అక్టోబరులో పంపితే నల్లేరు మీద బండిలా పోయేది. ఇప్పుడు చర్చలు చెడిపోయాయి, మళ్లీ ప్రతి సంచీ విప్పుతున్నారు. పేరులేని పొడితో దూలయ్య ఒక్కడే దొరికితే వాడి బతుకు ఏమవుతుందో నీకు తెలియదు. అందుకని క్యాంపు దాటేదాకా నేనూ బస్సెక్కాను. నేను అనుకున్నట్టే దింపారు. దూలయ్యను పక్కకు నిలబెట్టారు. మీసాలు కూడా సరిగా రాని కానిస్టేబులు గోధుమ సీసా ఎత్తి పట్టుకుని, "ఏందమ్మా ఇది? బాంబుల మందా?" అన్నాడు. బిరడా తీసి వాడి ముక్కు దగ్గర పెట్టాను.

"టించరు వాసనొస్తంది" అన్నాడు.

"అవ్ బిడ్డా, టించరు సీసనే" అన్నాను. వదిలేశారు.

ఆ పోరడికి మూత తీయగానే తెలిసింది, షాలేమూ. నేను బస్సులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అక్క


ఖానాపురం హవేలి
30 జనవరి 2005

అక్కా,

అయిపోయింది. ఎట్లా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. నన్ను నేను మంచివాణ్ణిగా రాసుకుంటానేమోనని భయంగా ఉంది, అందుకే నిదానంగా రాస్తున్నాను.

నేను తెల్ల సీసానే పెట్టాను. గోధుమది సంచిలో, కుర్చీ కింద. పారేయడానికి కూడా ధైర్యం లేక తెచ్చాను గాని ఇంకెందుకూ కాదు.

ఆఫియాను పిలిచి, "ఇది అసలు పొడి, బిళ్ల నొక్కు" అన్నాను. ఆ పిల్ల తూచి, నొక్కి, రెండు తీగల మధ్య పెట్టి స్విచ్ వేసింది. మీటరు ముల్లు లేచింది, అక్కా. ఇరవై ఏళ్ల కింద లేచినట్టే. వెంకటరామారావు లేచి నాకు చెయ్యిచ్చి, "పొడి మంచిదే సార్. లోపమంతా అమ్మాయి చేతిలోనే ఉన్నట్టుంది" అన్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నవ్వాను కూడా.

ఆఫియా అంకె నోట్‌బుక్‌లో రాసింది. రెండోసారి చూసి సరిచేసింది, మూడో దశాంశంలో తేడా ఉందని. ఆమె డిగ్రీని ముంచే అంకె అది. దాన్ని కూడా తప్పు రాయకుండా రాసింది. పెన్ను మూతపెట్టి, "అవ్ సార్, నా చేతిలనే ఉన్నట్టున్నది" అంది. తల దించలేదు. ఆ వేళ్లు చూశాను. నాలుగేళ్ల ఆమ్లాలకు చర్మం పగిలి, గోళ్లు పచ్చబడిపోయాయి. వాచీలు బాగుచేసే ఇంట్లో పుట్టిన పిల్ల అని నువ్వు ఆగస్టులోనే రాశావు.

ఎప్పుడు వంగానో, సంచి ఎప్పుడు విప్పానో నాకు తెలియదు. గోధుమ సీసా బల్లమీద పెట్టి, "ఇది చదువమ్మా, పైకి" అన్నాను. నీ రాత చదివింది. అయోడిన్ అన్న మాట దగ్గర ఆగింది. ఆమె బిరడా తీసి చూడలేదు, అక్కా. బీరువా దగ్గరికి పోయి తన పాత నోట్‌బుక్ ఒకటి తెచ్చి నా ముందు తెరిచింది. 2002 మార్చి. "మొదటి పొడికి ఎక్కడైనా అయోడిన్ తగిలిందా? సార్‌ను అడగాలి" అని రాసి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన నా రాత: "పిచ్చి ప్రశ్నలతో కాలం వృథా చేయకు."

నాకు గుర్తే లేదు. ఆమెకు పేజీ నంబరు కూడా గుర్తుంది.

కమిటీ ముందు అంతా చెప్పాను. పన్నెండేళ్ల కింద ఒక పరిశోధకుడు ఉత్తరం రాసి అయోడిన్ సంగతి అడిగితే వెటకారంగా జవాబు రాశాను, అదీ చెప్పాను. నిన్ను అడ్డం పెట్టుకోలేదు. సీసా మార్చింది నువ్వయినా, తొమ్మిది పాళ్ల తేమ రాసింది నేను, తెల్ల సీసాలో పంపమన్నది నేను. పత్రికకు పేపరు వెనక్కి తీసుకుంటున్నానని నిన్న పోస్టు చేశాను. వార్త అప్పుడే కాలేజీ అంతా పాకింది. నా ఎదురుగా వచ్చేవాళ్లు పక్క వరండా పడుతున్నారు. సిగ్గుగా ఉంది, అక్కా. మహిమ మాత్రం అన్నం పెట్టి, ఇన్నాళ్లకు కడుపునిండా తింటున్నావు అంది.

ఆఫియాకు రెండేళ్ల గడువిచ్చారు. ఆ పలుకులు ఆ పొడిలోకి దూరి ఏం చేశాయన్నదే ఆమె పని ఇక. సీసా ఆమె పేరున రాసిచ్చాం. గైడ్‌గా నా పేరు తీసేయమని నేనే అడిగాను. ఆమె వద్దనలేదు, అదీ న్యాయమే. పోయేముందు, "సార్, మీ అక్క దగ్గరికి పోయి ఆ పొయ్యి ఎంత దూరంల ఉండెనో, ఆ బీరువ ఎంత వేడెక్కుతుండెనో అడగాలె. వస్తరా?" అంది. తల ఊపాను.

ఆమెకంటే ముందు నేనొకటి అడగాలి. ఎప్పుడో అడగాల్సింది. అక్కా, పొడి తీసేశాక నేనిచ్చిన ఆ తెల్ల సీసా ఏం చేశావు?

తమ్ముడు
షాలేమ్


చర్ల
16 ఫిబ్రవరి 2005

షాలేమూ,

ఇద్దరూ రండి. భద్రాచలంలో పొద్దున మొదటి బస్సే ఎక్కండి, సందె చీకటి పడితే దారిలో ఆపేస్తున్నారు. ఆ పిల్ల ఏం తింటుందో రాయి. మా ఊళ్లో హలాల్ కోసేవాళ్లు లేరు, చేపలు తెప్పిస్తాను.

పొయ్యి మూడు మూరల దూరం. బీరువా వెనక గోడకు ఎండ పడేది, మధ్యాహ్నం ముట్టుకుంటే కాలేది. ఇంకా ఏం కావాలన్నా అడగమను, అన్నీ గుర్తున్నాయి.

నీ తెల్ల సీసా ఎక్కడికీ పోలేదు. స్పిరిట్ పోసి అందులో థర్మామీటరు పెట్టుకుంటాను. నీ జ్వరం చూసింది మొదలు ఈ పొద్దు ఉదయం వరకు, ఇరవై ఏళ్లుగా అది నా బల్లమీదే, అందరికీ కనబడేట్టే ఉంది. నువ్వు వచ్చిన ప్రతిసారీ దాని పక్కనే టీ గ్లాసు పెట్టావు.

అక్క
విశ్రాంతమ్మ